ఉప్పుబండ ప్రమాణం

ఏటి వంపు అడవిలో ఎవరికి ఎవరు ఏమవుతారో తెలుసుకోవాలంటే పెద్దగా కష్టపడక్కర్లేదు. పొద్దు వాలే వేళకి ఉప్పుబండ దగ్గరికెళ్ళి నిలబడితే చాలు. ఎర్రటి రాయి అది, ఏనుగంత ఎత్తుంటుంది. దాని పగుళ్ళలోంచి ఉప్పు ఊరుతూ ఉంటుంది. దుప్పులు, పందులు, కోతులు, కుందేళ్ళు, నక్కలు, సాయంత్రమయ్యేసరికి అందరూ అక్కడే. కాసేపు నాకడం, కాసేపు కబుర్లు, మళ్ళీ నాకడం.

పైగా ఆ అడవిలో ఒక మర్యాద ఉంది. ముందు వచ్చినవాడు ఎక్కడ నాకాడో, తర్వాత వచ్చినవాడూ సరిగ్గా అక్కడే నాకాలి. పక్కకి జరిగి వేరే చోట నాలుక పెట్టాడంటే ముందువాణ్ణి అవమానించినట్టే. పిల్లల పెళ్ళి కుదిరినా, పాత తగువు తీరినా, "సరే పదండి, ఒకే చోట నాకుదాం" అనుకునేవారు. నాకేవారు కూడా.

ఇంత మర్యాదస్తులున్న అడవి కాబట్టి సొంగరోగానికి పెద్దగా తిరగాల్సిన పని లేకపోయింది.

ముందు ఒక ముసలి దుప్పికి నోట్లోంచి ఆగకుండా సొంగ కారింది. నాలుక మీద పుళ్ళు లేచాయి. ఒళ్ళు కాలిపోయింది. గడ్డి పరక కూడా గొంతు దిగలేదు. ఆ తర్వాత ఇంకొకరికి, ఆ తర్వాత ఇంటింటికీ. గట్టివాళ్ళు కొన్నాళ్ళు పడుకుని లేచారు. ముసలివాళ్ళలో, పసివాళ్ళలో కొందరు ఇక లేవలేదు.

అప్పుడు అడవికి పెద్దయిన ఏనుగు దొరవారు వెంటనే ఏం చేశారయ్యా అంటే, ఏమీ చేయలేదు. దండోరా వేసే గోరింకని పిలిచి ఒక ముక్క చెప్పి పంపారు.

"రోగం గీగం ఏమీ లేదహో! దుప్పులకి పళ్ళొస్తున్నాయహో! అందుకే సొంగహో!"

"ముసలి దుప్పికి పళ్ళు రావడమేంటి?" అన్నారెవరో కింద నుంచి.

"ఊడినవి మళ్ళీ వస్తున్నాయని దొరవారి అభిప్రాయం" అంది గోరింక, ఎగిరిపోయింది.

ఆ వారంలోనే దొరవారి మేనకోడలి పెళ్ళి. ఎక్కడా? ఉప్పుబండ దగ్గరే. అడవి మొత్తానికి పిలుపులు. పెళ్ళివారు నాకిన చోట చుట్టాలు, చుట్టాలు నాకిన చోట మిగతావారు, వరస తప్పకుండా మర్యాద చేసుకున్నారు. పెళ్ళయ్యాక ఒక్కొక్క ఇంట్లోనూ ఒక్కొక్కరు మంచం పట్టారు. అప్పుడు దొరవారికి మెలకువ వచ్చింది. గోరింక మళ్ళీ వచ్చింది.

"నేటి నుంచి ఎవరూ ఉప్పుబండ నాకరాదహో! ఎవరిళ్ళల్లో వాళ్ళుండాలహో! దొరవారే బండ కొట్టించి, ఉప్పు ముక్కలు మీ గుమ్మాల్లోకి పంపిస్తారహో!"

ఉప్పు ముక్కలు పంచే పని ఎలుగుబంటి భూషణానికి అప్పజెప్పారు. భూషణం గుహ దాకా ఉప్పు వచ్చింది. అక్కడి నుంచి బయటికి వచ్చినది మాత్రం ఎక్కువ ఇసకే.

ఇన్ని తప్పులు చేసిన దొర ఒకడు దొరికాక నక్క జోగినాథానికి అంతకన్నా పండగ ఏముంటుంది?

జోగినాథానికి చేతిలో పని లేదు గాని నోటినిండా పని ఉంది. అతని గుహ ముందు ఒక పాతపుట్ట ఉండేది, చీమలు కూడా వదిలేసి పోయినది. రోజూ పొద్దున్నే దానిమీదికెక్కి నిలబడి మాట్లాడేవాడు. వినడానికి జనం ఎగబడేవారు. ఒకరి మూతి ఒకరి వీపుకి తగిలేలా ఒత్తుకుని మరీ వినేవారు.

"పళ్ళొస్తున్నాయన్నాడా లేదా?"

"అన్నాడు!"

"పెళ్ళి చేశాడా లేదా?"

"చేశాడు!"

"మీకు ఉప్పు అందిందా?"

"ఇసక! ఇసక!" అని అరిచాడు అడవిపంది పోతురాజు, అందరికంటే ముందు నిలబడి. "పళ్ళు అరిగిపోయాయండీ బాబూ!"

"మరి మన ముళ్ళపంది సుభద్రమ్మక్క పెనిమిటిని పొట్టన పెట్టుకున్నదెవరు? మీరే చెప్పండి!"

"దొర! దొర!"

సుభద్రమ్మ ఆ గుంపులో కలవకుండా కాస్త దూరంగా రాతిమీద కూర్చుని ఉంది. భర్త పోయిన దగ్గర్నుంచి ఆమె మాట్లాడటం తగ్గించింది. జోగినాథం ఆమె వైపు చెయ్యి చాపినప్పుడల్లా జనం అయ్యో అనేవారు. ఆమె మాత్రం ముళ్ళు ఒకసారి విదిల్చుకుని ఊరుకునేది. దుఃఖం అనుకునేవాడు జోగినాథం. తన మాటకి ఇంకాస్త బలం వచ్చిందని సంతోషించేవాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి. అతనన్న మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. దొర నిద్రపోయింది నిజం, పెళ్ళి చేసింది నిజం, భూషణం ఇసక పంచింది నిజం. అన్నీ నిజాలే చెప్పేవాడికి తనమీద తనకి అనుమానం రావడం చాలా కష్టం. జోగినాథానికి అదే జరిగింది.

పొద్దంతా అరిచినవాడికి సాయంత్రానికి గొంతు ఎండదూ? ఎండిన గొంతుకి ఉప్పు కావాలి. ఉప్పు గుమ్మంలోకి రాలేదు కదా. అందుకని జోగినాథం మసక పడగానే పొదల చాటున ఉప్పుబండ దగ్గరికి వెళ్ళేవాడు. 'అందరూ నాకితే ప్రమాదం గాని, నేనొక్కణ్ణి నాకితే ఏమవుతుంది?' అనుకునేవాడు. ఇంకొంచెం ఆలోచించి, 'అయినా నన్ను ఇక్కడికి రప్పించిందెవరు? ఉప్పు పంపి ఉంటే నేనొచ్చేవాణ్ణా? ఇదీ దొర తప్పే' అని తేల్చుకుని నిశ్చింతగా నాలుక చాపేవాడు. అలవాటు చొప్పున తడిగా ఉన్న చోటే నాకేవాడు. మర్యాద మర్యాదే కదా.

ఒక సాయంత్రం బండకి అటువైపు నుంచి చప్పుడయింది. చూస్తే పోతురాజు.

"ఏంటి పోతురాజూ, ఇలా వచ్చావు?"

"ఏం లేదండీ, ఎవరైనా నాకుతున్నారేమో చూసిపోదామని. మరి తమరు?"

"నేనూ అందుకే."

"ఎవరైనా కనపడ్డారాండీ?"

"ఒక్కడూ లేడు. మనవాళ్ళు అలాంటి వాళ్ళు కాదయ్యా."

"అదే కదండీ మరి. తప్పంతా పైవాళ్ళది."

ఇద్దరూ మూతులు తుడుచుకుని చెరో దారిన పోయారు.

జోగినాథం భార్య నూకరత్నం ఈ గొడవలేవీ పట్టించుకునేది కాదు. గోరింక వేసిన రెండో దండోరా ఆమె చెవిన పడింది. పడిన దగ్గర్నుంచి గుమ్మం దాటలేదు. కూతుర్ని దాటనివ్వలేదు. ఆ కూతురి పేరు గవ్వ. తెల్లగా, గుండ్రంగా, అరచేతిలో పట్టేలా పుట్టిందని ఆ పేరు పెట్టుకున్నారు. ఇంకా పళ్ళు గట్టిపడని పిల్ల. నక్కల్లో పిల్లలకి తండ్రే తిండి తెస్తాడు. బయట తిన్నది ఇంటికొచ్చి, మెత్తగా చేసి తన నోట్లోంచి పిల్ల నోట్లో పెడతాడు. జోగినాథం ఎంత వాగుడుకాయైనా ఆ ముద్ద తప్పేవాడు కాదు. గవ్వ అంటే అతనికి ప్రాణం. పెట్టాక నుదుటిమీద ఒకసారి నాకి, "మా అమ్మే, మా తల్లే" అని గాని వదిలేవాడు కాదు.

ఒకరోజు పుట్ట దిగి ఇంట్లోకి వచ్చేసరికి నూకరత్నం గుమ్మంలో నిలబడి ఉంది.

"పిల్ల ఒళ్ళు చూడు."

చూశాడు. కాలిపోతోంది. మూతి కింద గడ్డి తడిసిపోయి ఉంది.

 అన్నాళ్ళూ వందమంది చావుల గురించి గొంతు చించుకున్నవాడే, ఇప్పుడు గుహలో గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

"నేను గుమ్మం దాటలేదు" అంది నూకరత్నం. "ఇది దాటలేదు. మరి ఎక్కణ్ణించి వచ్చిందయ్యా?"

"గాల్లో వచ్చుంటుంది."

"బండ నాకితే వస్తుందన్నారు గాని గాల్లో వస్తుందనలేదు."

"ఎవడన్నాడు? ఆ దొరే కదా! వాడు పళ్ళొస్తున్నాయనలేదూ? వాడి మాట ఎలా నమ్ముతున్నావే?"

"నువ్వు వెళ్ళావా?"

"ఎక్కడికి?"

"బండ దగ్గరికి."

"నేనా!" అన్నాడు జోగినాథం. కోపం నిజంగానే వచ్చేసింది. "ఊరందరికీ బుద్ధి చెప్పేవాణ్ణి నేను. నేను వెళతానా? గవ్వ మీద ఒట్టు, వెళ్ళలేదు!"

 గవ్వ, తండ్రి గొంతు విని, తోక కొంచెం కదిపింది.

బయటికొచ్చి నిలబడ్డాడు.  భయాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఎవరో ఒకరు దీనికి జవాబు చెప్పి తీరాలి. ఎవరు చెప్పాలన్నది మాత్రం అతనికి ఎప్పుడో తేలిపోయింది.

నేరుగా సుభద్రమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆమె తన పొద దగ్గర నాగజెముడు పళ్ళు కోసుకుంటోంది. ఒంటినిండా ముళ్ళున్న ఆ పండు జోలికి అడవిలో ఇంకెవరూ పోరు. ఆమెకి ముళ్ళు కొత్త కాదు కాబట్టి కొరికి తినేది. తిన్నాక మూతంతా ముదురు గులాబీ రంగు అయిపోయేది. ఎన్ని నీళ్ళు తాగినా ఆ రంగు రోజుల తరబడి వదిలేది కాదు.

"అక్కా, ఇక ఊరుకోను. దొరని దింపేయాల్సిందే. మద్దిచెట్టు మైదానంలో పెద్ద సభ పెడతాను. నువ్వు ముందు కూర్చోవాలి. బావగారి సంగతి మళ్ళీ చెబుతాను."

"చెప్పు తమ్ముడూ, నీ నోరు మంచిది. పిల్లకి ఒంట్లో బాగాలేదటగా?"

జోగినాథం కళ్ళు చెమర్చాయి. "అవునక్కా."

"అయ్యో." ఆమె పండు కొరకడం ఆపింది. "ఒకటడగనా? బండ ఇంకా ఎవరైనా నాకుతున్నారంటావా?"

"మనవాళ్ళా? ఒట్టు, ఒక్కడూ లేడు. నాకితే ఆ దొరే నాకాలి. బండ కింద ఏనుగు అడుగులు నేను చూశా..." అని నాలుక కరుచుకున్నాడు. "చూశారంట ఎవరో."

"అయితే మరీ మంచిది. మనవాళ్ళెవరూ నాకలేదని దొర ముందే ప్రమాణం చేయించెయ్యి. మన పాత పద్ధతి ఉందిగా, కళ్ళు మూసుకుని, నాలుక బయటికి చాపి, సూర్యుడికి చూపించడం. మీరంతా చేశాక దొరనీ చెయ్యమను. ఎక్కణ్ణించి చేస్తాడు?"

జోగినాథం చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇంత మంచి ఆలోచన తనకే వచ్చినట్టు అనిపించింది అతనికి. ఇంటికి చేరేసరికి తనకే వచ్చిందని తీర్మానించుకున్నాడు కూడా.

సభ రోజు వచ్చింది. తెల్లవారి మసక విడవకముందే జోగినాథం లేచాడు. పెద్ద సభ, గొంతు బాగుండాలి. పిల్ల కోసం మాట్లాడే రోజున గొంతు బొంగురు పోతే ఎలా? 'ఇదే ఆఖరు' అనుకుని ఉప్పుబండ దగ్గరికి పోయి, కళ్ళు మూసుకుని తృప్తిగా నాకాడు. ఆ వేళ ఉప్పు కాస్త తియ్యగా, కాస్త జిగురుగా ఉన్నట్టు అనిపించింది. ఎర్రరాయి మీద ఏ రంగు పూసినా ఆ మసకలో ఎవరికి కనపడుతుంది?

తిరిగొచ్చి చీకటి గుహలోకి తల పెట్టాడు. గవ్వ ముడుచుకుని పడుకుని ఉంది. నూకరత్నం కునుకు తీస్తోంది. వంగి పిల్ల నుదుటిమీద ప్రేమగా ఒకసారి నాకాడు.

"మా అమ్మే, మా తల్లే. ఇవాళ ఆ దొర సంగతి తేల్చేసి వస్తాను చూడు."

ఎండెక్కేసరికి మైదానం నిండిపోయింది. ఎవరిళ్ళల్లో వాళ్ళుండాలన్న ఆజ్ఞ అమలులో ఉంది కాబట్టి అందరూ వచ్చారు. ఏనుగు దొరవారూ వచ్చారు, వెనకాల భూషణం. ఎందుకో దొరవారు తొండం చుట్ట చుట్టి నోటి కిందకి పెట్టుకుని వచ్చారు. అడిగితే జలుబన్నారు.

జోగినాథం మద్దిచెట్టు వేరు మీదికెక్కాడు. ఆ రోజు మాట్లాడినట్టు అతనెప్పుడూ మాట్లాడలేదు. పళ్ళొస్తున్నాయన్న మాట చెప్పాడు, పెళ్ళి చెప్పాడు, ఇసక చెప్పాడు. సుభద్రమ్మ పెనిమిటి గురించి చెప్పాడు. చివరికి గవ్వ గురించి చెప్పబోయి, మాట మధ్యలో ఆపి పంజాతో కళ్ళు తుడుచుకున్నాడు. అది నటన కాదు. విన్నవాళ్ళలో సగం మంది ఏడ్చారు.

"మేం ఇళ్ళల్లో కూర్చున్నాం!" అన్నాడు తేరుకుని. "మేం బండ ముట్టలేదు! చెప్పినవన్నీ చేశాం! అయినా మా పిల్లలు పడిపోతున్నారంటే కారణమెవరు?"

"దొర! దొర!"

"మాటలెందుకు? ప్రమాణం చేస్తాం! మా నాలుకలు సూర్యుడికి చూపిస్తాం! ఆ తర్వాత దొరగారూ, తమరు చూపించండి!"

దొరవారి చెవులు ఆడటం ఆగిపోయింది. అది చూసి జోగినాథం గుండె ఉప్పొంగింది. దొరికాడు, అనుకున్నాడు.

"అందరూ కళ్ళు మూసుకోండి! నాలుకలు చాపండి! ఉప్పుబండ మేం నాకలేదు!"

ముందు తనే కళ్ళు మూసుకుని నాలుక చాపాడు. మైదానం మొత్తం కళ్ళు మూసుకుని, సూర్యుడి వైపు మొహాలెత్తి, నాలుకలు బారుగా చాపింది. పోతురాజు అందరికన్నా బారుగా చాపాడు.

 అప్పుడు సుభద్రమ్మ గొంతు వినిపించింది.

"నాలుకలు అలాగే ఉంచండి బాబూ. లోపల పెట్టకండి. కళ్ళు మాత్రం తెరవండి."

జోగినాథం కళ్ళు తెరిచాడు. మొదట కనపడింది పోతురాజు నాలుక. ముదురు గులాబీ రంగులో మెరిసిపోతోంది. 'ఓరి దొంగ వెధవా!' అనుకుని లోలోపల సంబరపడ్డాడు. పక్కన దుప్పి నాలుక చూశాడు, అదే రంగు. కుందేలుది చూశాడు. కోతులవి చూశాడు. పెద్దమనిషని తను ఎంతో గౌరవించే కొమ్ముల ముసలి కణుజుది చూశాడు. ఎంత మోసగాళ్ళ మధ్య బతుకుతున్నాను రా భగవంతుడా, అని అతనికి నిజంగానే బాధ కలిగింది. ఆ తర్వాత గమనించాడు, వాళ్ళందరూ తన నాలుక వైపే చూస్తున్నారు.

"నేను... నేను నాగజెముడు పళ్ళు తిన్నానండీ!" అన్నాడు పోతురాజు గబగబా.

"ఏదీ, నోట్లో దిగిన ముళ్ళు చూపించు" అంది సుభద్రమ్మ.

పోతురాజు నోరు మూసుకున్నాడు.

"నిన్న పొద్దుగూకాక బండ పగుళ్ళన్నిటికీ నేనే ఆ రసం పూశాను" అందామె. "మీరొచ్చి తుడిచిపెట్టుకుపోయారు. ఒక్క చోట కూడా మిగల్చలేదు. ఇన్నాళ్ళూ మా ఆయన చావు గురించి ఇతగాడు చెబుతుంటే ఏడుస్తూ విన్నారు కదా. మా ఆయన్ని చంపింది దొర ఒక్కడే అనుకున్నారా? ఆయనా మసక పడ్డాక వెళ్ళేవాడు. ఒక్కణ్ణే కదే అనేవాడు. మీ అందరిలాగే ఒక్కణ్ణే అనేవాడు."

 దొరవారికి నవ్వు ఆగలేదు.

"హహ్హహ్హా! చూశారా! నన్నంటారూ నన్ను! ఇలాంటి ప్రజలుంటే ఏ దొర మాత్రం..." అంటూ తొండం పైకెత్తి ఘీంకరించారు.

తొండం చివర ముదురు గులాబీ రంగు. నోట్లో నాలుక కూడా అదే రంగు. వెనకాల ఉన్న భూషణం నెమ్మదిగా చెట్టు చాటుకి తప్పుకున్నాడు. గుహనిండా ఉప్పున్నా అతని మూతి సంగతి కూడా ఎవరూ అడగకుండానే తెలిసిపోయింది.

మైదానంలో సిగ్గుపడవలసినవాళ్ళు అంతమంది ఉన్నారు కదా, అందరూ తలలు దించుకుని ఇళ్ళకి పోయారనుకుంటున్నారేమో. కాదు. పోతురాజు గొంతు సవరించుకున్నాడు.

"అది సరే గాని... అందరూ నాకే బండకి రంగు పూయడానికి ఈవిడెవరండీ? విషమైతేనో?"

"అవును! పిల్లలు కూడా నాకే బండ!" అంది దుప్పి.

"మాకు చెప్పకుండా పూయడం ద్రోహం!" అన్నాడు ముసలి కణుజు.

"ప్రభుత్వానికీ చెప్పలేదు" అన్నారు దొరవారు గంభీరంగా, తొండం మళ్ళీ చుట్ట చుట్టుకుంటూ.

సొంగరోగం మొదలైన దగ్గర్నుంచి ఆ అడవిలో దొరా జనమూ ఒక్క మాట మీద నిలబడింది ఆ పూటే. సుభద్రమ్మ ఇకమీద ఉప్పుబండ ఛాయలకి రాకూడదని అక్కడికక్కడే తీర్పు చెప్పేశారు. గోరింక రివ్వున ఎగిరి దండోరా వేసింది. సుభద్రమ్మ ముళ్ళు విదిల్చుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయింది.

"ఏమంటారు జోగినాథం గారూ? తమరు కూడా ఒక మాట అనండి" అన్నాడు పోతురాజు.

జోగినాథానికి నోట మాట రాలేదు. అడవిలో అందరికీ అదే పెద్ద వింతైపోయింది. అతని మనసు ఆ మైదానంలో లేదు. తెల్లవారుజామున చీకటి గుహలో తల పెట్టి తను ఏం చేశాడో గుర్తొచ్చింది. పరిగెత్తాడు.

నూకరత్నం పిల్లని గుహ బయటికి తెచ్చింది. ఎండ పొడలో ఒళ్ళో పెట్టుకుని, ఆకులో నీళ్ళు చుక్క చుక్కగా మూతిమీద పోస్తోంది. గవ్వ తెల్లటి నుదుటిమీద, రెండు కళ్ళకీ మధ్య, నాలుక వెడల్పున ముదురు గులాబీ రంగు మచ్చ ఉంది. సరిగ్గా ముద్దు పెట్టిన చోట.

"ఇదేంటయ్యా?" అంది నూకరత్నం. "పొద్దున్నించి కడుగుతున్నా, పోవడం లేదు."

జోగినాథం గబగబా వంగాడు. నక్క కదా, పిల్లకి ఏ మరక అంటినా నాలుకతో తుడవడం తప్ప ఇంకో దారి తెలియదు. అలవాటుగా నాలుక చాపాడు. నూకరత్నం ఆ నాలుక చూసింది. పిల్ల నుదురు చూసింది. మళ్ళీ నాలుక చూసింది.

 పిల్లని మెల్లిగా తన వైపు జరుపుకుంది.

"దేంతో తుడుస్తావు?" అంది.

అతను నాలుక లోపలికి తీసుకున్నాడు.

"ఒట్టు ఎవరి మీద పెట్టావో గుర్తుందా?"

గుర్తుంది. పాతపుట్ట పక్కనే కూలబడి, పెద్ద నక్కనని కూడా మరచిపోయి, భోరున ఏడ్చాడు. వినడానికి ఎవరూ లేని చోట అతని గొంతు వినపడటం అదే మొదటిసారి. నూకరత్నం అతన్ని లోపలికి రానివ్వలేదు. తిండి తెచ్చి దూరంగా రాతిమీద పెట్టిపొమ్మంది. అలాగే పెట్టాడు. గవ్వ తండ్రి వాసన పసిగట్టి సన్నగా మూలిగితే, దగ్గరికి రాకుండా రాతి వెనకే నిలబడి, "మా అమ్మే, మా తల్లే" అని అక్కడి నుంచే అన్నాడు.

ఆ సాయంత్రం ఉప్పుబండ దగ్గరికి వచ్చినవాళ్ళకి ఒక వింత కనపడింది. బండ పగుళ్ళనిండా నాగజెముడు మట్టలు కుక్కి ఉన్నాయి. ముందర జోగినాథం అడ్డంగా కూర్చుని ఉన్నాడు, పంజాల నిండా ముళ్ళు దిగి నెత్తురోడుతూ. సుభద్రమ్మ పొద నుంచి అడిగి తెచ్చుకున్నాడు ఆ మట్టలు. ఆమే కోసి ఇచ్చింది.

"తప్పుకోండి జోగినాథం గారూ" అన్నాడు పోతురాజు.

"తప్పుకోను. ఇంటికి పో."

"నేనొక్కణ్ణే కదండీ!"

"నేనూ ఒక్కణ్ణేనయ్యా" అన్నాడు జోగినాథం. "నా పిల్ల నుదురు చూసిరా, తర్వాత మాట్లాడదాం. ఆ దొర వచ్చినా ఇదే మాట చెబుతా. భూషణం గుహలో ఉప్పంతా బయటికి తెచ్చి పంచేదాకా ఆయన్నీ వదిలిపెట్టను. కాని ముందు నువ్వు ఇంటికి పో."

 పోతురాజు వెనక్కి తిరిగి, క్యూలో నిలబడ్డవాళ్ళతో అన్నాడు:

"చూశార్రా? దొర ఏదో పదవి ఇచ్చినట్టున్నాడు. మనిషి మారిపోయాడు!"

అందరూ అవునవునన్నారు. అయినా ముళ్ళకి భయపడి వెనక్కి పోయారు. తర్వాత అడవిలో కొత్తగా సొంగ కార్చేవాళ్ళు తగ్గారు. అది తమ గొప్పని దొరవారు దండోరా వేయించుకున్నారు. కాదు, తమ ఓర్పు వల్లేనని జనం పుట్టల మీదికెక్కి చెప్పుకున్నారు. గవ్వ కొన్నాళ్ళకి నీళ్ళు మింగింది, ఇంకొన్నాళ్ళకి మెత్తటి ముద్ద మింగింది. బతికింది. నుదుటి మీది రంగు మాత్రం నూకరత్నం ఎన్ని నీళ్ళు పోసినా చాలాకాలం అలాగే ఉండిపోయింది. తండ్రి ఎప్పుడైనా పాత ధోరణిలో గొంతు పెంచి దొరని తిట్టబోతే, గవ్వ ఎండలోకొచ్చి ఎదురుగా కూర్చునేది.

దొరని నిలదీయాల్సిందే, కాని ఇంటి నుంచి బయలుదేరే ముందు మన నాలుక ఒకసారి వెలుగులో చూసుకోవాలి.